బందరు బట్ట... బండా జాజికాయ

ప్రతి ఇంటి వంటగదిలోనూ ఏదో ఒక డబ్బాలో ఓ జాజికాయ ఉంటుంది. బిర్యానీ వండిన రోజున దానికి పని పడుతుంది. పసిపాప ఉన్న ఇంట్లోనైతే అమ్మమ్మ సానరాయి మీద రెండంటే రెండు చుట్లు అరగదీసి ఉగ్గులో కలుపుతుంది. దాని తోబుట్టువు జాపత్రి మసాలాలోకీ, తాంబూలంలోకీ వెళ్తుంది. మోతెలో దొరక్కపోతే సూర్యాపేటలో ఏ కిరాణా కొట్టులో అడిగినా పొట్లం కట్టి ఇస్తారు. ధర చూసి ఎవరూ ఉలిక్కిపడరు.

ఆ కాయ కోసం ఒకప్పుడు దేశాలు కొట్టుకున్నాయి. ఓ జాతి జాతంతా చెల్లాచెదురైంది. ఓ రాజ్యం న్యూయార్క్ మీద హక్కు వదులుకుంది. మరి ఆ కాయను కొనడానికి తెల్లవాళ్లు ఓడల్లో వేసుకెళ్లిన 'డబ్బు' ఏమిటో తెలుసా? మన తీరంలో నేసి, మన నీళ్లలో రంగు అద్దిన బట్ట!

ఈ వారం మన మజిలీ ఆ కాయ పుట్టింటికి. పేరు బండా దీవులు. ఇండోనేసియా వెళ్లిన మనవాళ్లు బాలి చూసొస్తారు. ఓపికుంటే జావా వెళ్లి బోరోబుదూర్, ప్రంబనన్ చూసొస్తారు. బండా పేరు విన్నవాళ్లే తక్కువ. అందులోనూ పడమటి చివర విసిరేసినట్టుండే రున్ అనే దీవి సంగతి చెప్పక్కర్లేదు. కానీ దాని కథలో మన ఊళ్ల పేర్లున్నాయి. అందుకే ఈ ప్రయాణం.

సముద్రంలో చిటికెడు నేల

ఇండోనేసియా పటం పరిచి చూడండి. ఎడమ చివర సుమత్రా. అక్కడి నుంచి జావా, బాలి, సులవేసి దాటుకుంటూ కుడివైపు పోతే, న్యూగినీ వచ్చేలోపు మలుకు అనే దీవుల గుంపు తగులుతుంది. చరిత్ర పాఠాల్లో 'సుగంధ ద్రవ్యాల దీవులు' అని చదువుకున్నది వీటి గురించే. అందులో సెరామ్ అనే పెద్ద దీవికి దక్షిణంగా, నడి సముద్రంలో పది పదకొండు చుక్కలు కనిపిస్తాయి. అవే బండా దీవులు. అన్నిటి నేలా కలిపినా మన దగ్గర ఓ మామూలు మండలమంత ఉండదు. చుట్టూ ఉన్న బండా సముద్రమేమో కొన్నిచోట్ల ఏడు కిలోమీటర్ల పైచిలుకు లోతు!

వీటిలో ముఖ్యమైంది బండా నైరా. బజారు, రేవు, విమానాలు దిగే చిన్న పట్టీ అన్నీ దాని మీదే. దానికి ఎదురుగా, పిలిస్తే పలికేంత దూరంలో గునుంగ్ ఆపి. అంటే నిప్పుకొండ. పేరుకు తగ్గట్టే అది నిజంగా అగ్నిపర్వతం. నీళ్లలోంచి నేరుగా 600 మీటర్లకు పైగా లేచి నిలబడి ఉంటుంది. 1988 మే నెలలో చివరిసారి బద్దలైంది. లావా కొండ దిగి సముద్రంలోకి పారింది. అది పారినచోట పగడాలు పదేళ్లు తిరక్కుండానే దట్టంగా పెరిగిపోయాయి. శాస్త్రవేత్తలే ఆశ్చర్యపోయారు.

మూడోది బండా బెసార్, అంటే పెద్ద బండా. తోటలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. ఆ తర్వాత హత్తా, షహ్రీర్, ఆయ్... అన్నిటికన్నా దూరంగా రున్. పొడవు 3 కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరు లోపే. మన లెక్కలో చెప్పాలంటే, ఊరి నుంచి పక్క ఊరికి నడిచి వెళ్లినంత దూరం. అంతే!

విచ్చుకున్న పండులో ఎర్రని వల

జాజికాయను మనం ఎండిన గింజగానే చూశాం. బండాలో దాన్ని చెట్టు మీద చూడొచ్చు. పచ్చగా, ఏడాది పొడవునా ఆకులతో ఉండే చెట్టు. కాయలు లేత పసుపు రంగులో, చిన్న జామకాయ సైజులో వేలాడుతుంటాయి. బాగా పండితే వాటంతటవే నిలువునా విచ్చుకుంటాయి. లోపల నల్లగా మెరిసే పెంకు. ఆ పెంకును చుట్టుకుని నెత్తుటి ఎరుపులో వల అల్లినట్టు ఓ పొర. ఆ పొర ఎండితే జాపత్రి. పెంకు పగలగొడితే లోపలున్నది జాజికాయ. ఒకే పండు, రెండు సరుకులు!

పండు గుజ్జును కూడా పారేయరు. పంచదార పట్టించి ఎండబెట్టి తింటారు, జామ్ చేస్తారు. మన ఉసిరికాయ మురబ్బా లాంటిదన్నమాట.

ఈ చెట్లలో ఆడ, మగ వేరు. మగ చెట్టు కాయదు. నేరుగా ఎండ పడితే ఓర్చుకోలేవు. అందుకే తోటల్లో వీటికి గొడుగు పట్టినట్టు కెనారి అనే మహావృక్షాలుంటాయి. దాని గింజ బాదంపప్పులా ఉంటుంది. బండా వంటల్లో వంకాయ కూరలోకి ఆ పప్పు నూరి పోస్తారు. కాయలు కోసేవాళ్ల చేతిలో పొడవాటి వెదురుగడ. చివర చిన్న బుట్ట, రెండు కొక్కేలు. చెట్టెక్కకుండా పండును మెలితిప్పి బుట్టలో పడేస్తారు. మామిడికాయలు కోయడానికి మనవాళ్లు వాడే చిక్కం గుర్తొస్తుంది.

జాజికాయను అక్కడివాళ్లు 'పాలా' అంటారు. సంస్కృతం 'ఫలం' నుంచి వచ్చిన మాట అది. మన వైద్య గ్రంథాల్లో జాజికాయ పేరు జాతీఫలం. ఓడను వాళ్లు 'కపల్' అంటారు. పెద్ద ఓడను పూర్వం 'జొంగ్' అనేవారు. మన శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పిన ఓడల పేర్లలో కప్పలి ఉంది, జోంగు కూడా ఉంది! ఆయనది పదిహేనో శతాబ్దం. అంతకు ముందే, 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. పిల్లలమర్రి గుళ్లు కట్టిన కాలానికీ దీనికీ అటూ ఇటూగా యాభై ఏళ్లే తేడా. అంటే సూర్యాపేట పక్కన గుడి లేస్తున్న రోజుల్లోనే మనకు సముద్రం దారి తెలుసు.

బట్టే రూపాయి

మోతె నుంచి సూర్యాపేట చేరుకుంటే 65వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. పాతవాళ్లకు ఇప్పటికీ అది '9వ నంబరు రోడ్డే'. పుణేలో మొదలై, హైదరాబాద్, సూర్యాపేట, కోదాడ, విజయవాడ మీదుగా పోయి మచిలీపట్నంలో ఆగుతుంది. అంటే బందరు. గోల్కొండ సుల్తానుల కాలంలోనూ రాజధానికీ రేవుకీ మధ్య దారి నల్లగొండ ప్రాంతం మీదుగానే నడిచింది. సరిగ్గా ఇదే గీత మీద కాకపోవచ్చు. దిక్కు మాత్రం ఇదే. ఎద్దుల బిడారులు, పల్లకీలు, వజ్రాల బేరగాళ్లు... అందరూ ఈ వైపే పోయారు. టావెర్నియర్ లాంటి ఫ్రెంచి వర్తకులు ఆ మజిలీలన్నీ రాసిపెట్టారు.

ఆ దారి చివరికి 1605లో డచ్చివాళ్లు వచ్చారు. అప్పుడు గోల్కొండను ఏలుతున్నది మహమ్మద్ కులీ కుతుబ్ షా. బందరులో కోఠీ పెట్టుకున్నారు. మరుసటేడు నిజాంపట్నంలోనూ పెట్టారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లిషువాళ్లు దిగారు. వీళ్లంతా మన దగ్గరికి ఎందుకు వచ్చినట్టు? వాళ్లకు కావాల్సింది జాజికాయ, లవంగం. అవి దొరికేది వేల మైళ్ల అవతల. మరి బందరులో ఏం పని?

సంగతేమిటంటే, బండా జనానికి ఐరోపా సరుకు అక్కర్లేదు. భూమధ్యరేఖకు దగ్గరలో ఉండేవాళ్లు ఉన్ని బట్టలు ఏం చేసుకుంటారు? వాళ్ల దీవుల్లో వరి పండదు, పత్తి పండదు. వాళ్లకు కావాల్సింది బియ్యం, సగ్గు, నూలు బట్ట. బట్టంటే ఏ బట్టో కాదు. ఎంతోకాలంగా ఆసియా వర్తకులు తెచ్చి ఇస్తున్న గుజరాత్ బట్ట, మన కోరమాండల్ బట్ట. ఉతికినా వెలవని ఎరుపు కావాలి. ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. కృష్ణా డెల్టాలో, ముఖ్యంగా నిజాంపట్నం చుట్టుపక్కల చిరివేరుకు పెట్టింది పేరు.

డచ్చివాళ్లకు విషయం అర్థమైంది. వెండి తెచ్చి బందరులో బట్ట కొనాలి. బట్ట తీసుకెళ్లి దీవుల్లో జాజికాయ కొనాలి. జాజికాయను ఐరోపాలో అమ్మితే పెట్టిన సొమ్ముకు ఎన్నో రెట్లు! హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్ అధికారి 1612లోనే పైవాళ్లకు రాశాడు... కోరమాండల్ తీరం మొలక్కస్‌కు ఎడమచెయ్యి లాంటిదనీ, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడి వ్యాపారం చచ్చినట్టేననీ.

దాంతో మన తీరంలో మగ్గాలు దీవుల రుచి ప్రకారం ఆడాయి. ఏ దీవికి ఏ గళ్లు, ఏ అంచు, ఎంత పొడవు... నమూనాలు వచ్చేవి. మధ్యవర్తులు నేతగాళ్లకు ముందే డబ్బు ఇచ్చేవారు. అనుకున్న రంగు రాకపోతే దీవుల్లో కొనేవాళ్లు ముఖం తిప్పుకొనేవారు. తయారైన బట్ట మూటలు బందరు నుంచి జావాకు, అక్కడి నుంచి మలుకుకు. సులవేసిలోని తొరాజా తెగవాళ్లు ఆనాటి భారతీయ బట్టలను దైవసమానంగా ఇళ్లలో దాచుకున్నారు. శుభకార్యాలకు, కర్మకాండలకు బయటికి తీస్తారు. మనకు ఆ బట్టలు మ్యూజియంలో తప్ప కనిపించవు. ఇండోనేసియాలో మగవాళ్లు నమాజుకు కట్టుకునే గళ్ల లుంగీని 'సరుంగ్ పలేకాట్' అంటారు. పలేకాట్ అంటే మరేదో కాదు... పులికాట్!

మాటలు కూడా బట్టతో పాటే తిరిగాయి. బందరులో రేవు అధికారిని షాబందర్ అనేవారు. జావా రేవుల్లోనూ అదే హోదా, అదే పేరు. చివరికి అంత చిన్న బండాలోనూ షాబందర్లు ఉన్నారు.

1621... ఆ బావి దగ్గర

బండాలో రాజు లేడు. ఊరి పెద్దలే అన్నీ చూసుకునేవారు. వాళ్లను ఓరాంగ్ కాయా అంటారు. వచ్చిన ఓడ ఎవరిదైనా బేరం కుదిరితే సరుకిచ్చేవారు. జావావాళ్లు, అరబ్బులు, 1512 నుంచి పోర్చుగీసువాళ్లు... అందరితోనూ అదే పద్ధతి. డచ్చివాళ్లకు ఇది నచ్చలేదు. కాయంతా మాకే అమ్మాలి, మేం చెప్పిన ధరకే అమ్మాలి అన్నారు. కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. కానీ వాళ్లు తెచ్చే బియ్యం, బట్ట చాలకపోతే దీవి జనం తినేదేమిటి, కట్టేదేమిటి? అందుకే ఇతరులకూ అమ్మారు. 1609లో డచ్ నౌకాధిపతి వెర్‌హూవెన్‌ను మాటలకు పిలిచి చంపేశారు కూడా. పగ రగిలింది.

1621లో డచ్ గవర్నర్ జనరల్ యాన్ పీటర్స్‌జూన్ కోయెన్ పెద్ద ఓడల దండుతో స్వయంగా వచ్చాడు. ఊళ్లు తగలబెట్టారు. జనం కొండల్లోకి పారిపోయి ఆకలితో చచ్చారు. కొందరు కొండకొమ్ముల నుంచి దూకేశారు. మే 8న 44 మంది పెద్దలను వెదురు దడిలోకి తోలి, కిరాయి జపాన్ సైనికుల కత్తులతో నరికించారు. 789 మందిని బానిసలుగా ఓడెక్కించి బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు పంపేశారు. అంతకు ముందు దీవుల్లో సుమారు 15,000 మంది ఉండేవారనీ, ఆ తర్వాత మిగిలింది వెయ్యి మందేననీ చరిత్రకారుల అంచనా.

ఖాళీ అయిన నేలను తోటల ముక్కలుగా కోసి డచ్చివాళ్లకే పంచారు. పని చేయడానికి నానా దేశాల నుంచి బానిసలను తెచ్చారు. ఆ రోజుల్లో డచ్ ఓడలు మన తీరం నుంచి మోసుకెళ్లింది బట్ట మూటలొక్కటే కాదు. పులికాట్ రేవు నుంచి మనుషులను కూడా బటావియాకు తరలించారు. 1630 ప్రాంతంలో కోస్తాలో ఘోరమైన కరవు వచ్చింది. అప్పటిదాకా దీవుల కోసం నేసిన నేతగాళ్లే తిండి లేక ప్రాణాలు వదిలారు.

మగ్గం ముందు కూర్చున్నవాడికి తన బట్ట ఎక్కడికి పోతోందో తెలియదు. కాయ కోసేవాడికి ఆ బట్ట ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. ఇద్దరి మధ్యా లెక్క రాసుకున్నవాడు ఒక్కడే. లాభమంతా వాడి పద్దులోనే పడింది.

నైరాలో 'పరిగి రాంతె' అనే బావి ఉంది. ఆ పెద్దలను చంపినచోట వాళ్ల పేర్లు చెక్కి ఉంచారు. బండా వెళ్లినవాళ్లు మొదట చూడాల్సింది ఆ బావి. తప్పించుకున్నవాళ్లు తూర్పున కెయ్ దీవులకు పడవల్లో చేరుకున్నారు. అక్కడ బండా ఎలి, బండా ఎలాత్ అనే ఊళ్లు కట్టుకున్నారు. వింతేమిటంటే, అసలు బండా భాష ఇవాళ బండాలో వినిపించదు. ఆ రెండు ఊళ్లలోనే బతికి ఉంది.

న్యూయార్క్‌కు బదులు రున్

ఇక రున్ కథ. మిగతా దీవులన్నీ డచ్చివాళ్ల గుప్పిట్లోకి పోతుంటే, రున్ పెద్దలు ఇంగ్లిషువాళ్లను ఆశ్రయించారు. 1616 డిసెంబరులో నథానియెల్ కోర్ట్‌హోప్ అనే ఇంగ్లిషు వర్తకుడు రెండు ఓడలతో దిగాడు. ఆ రెండు ఓడలూ త్వరలోనే చేజారిపోయాయి. పట్టుమని నలభై మంది కూడా లేరు. దీవిలో ఊట లేదు, బావి లేదు. వాన నీరే దిక్కు. బియ్యం బయటి నుంచి రావాలి. చుట్టూ డచ్ ఓడల కాపలా. అలా దాదాపు నాలుగేళ్లు నిలబడ్డాడు! 1620 అక్టోబరులో రాత్రివేళ పడవలో వస్తుండగా డచ్చివాళ్లు కాల్చేశారు. దీవి వాళ్లదైంది. అక్కడున్న జాజి చెట్లన్నీ నరికించేశారు. మళ్లీ ఎవడూ దీని కోసం రాకూడదని!

అయినా ఇంగ్లండు రున్ మీద హక్కు వదులుకోలేదు. 1664లో ఇంగ్లిషు ఓడలు అమెరికాలో డచ్చివాళ్ల న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ను పట్టుకుని న్యూయార్క్ అని పేరు మార్చాయి. యుద్ధం జరిగింది. 1667 జులై 31న బ్రెడా అనే ఊళ్లో సంధి కుదిరింది. ఎవరి చేతిలో ఉన్నది వాళ్లదే అన్నారు. రున్ డచ్చివాళ్లకు, మన్‌హట్టన్ ఇంగ్లిషువాళ్లకు. 'రున్‌ను ఇచ్చి న్యూయార్క్ తీసుకున్నారు' అని అందరూ చెప్పుకొనేది దీన్నే. అప్పట్లో లాభపడ్డది డచ్చివాళ్లేనని చాలామంది అనుకున్నారు!

2017లో ఆ సంధికి 350 ఏళ్లు నిండాయి. ఇవాళ మన్‌హట్టన్‌లో ఆకాశాన్నంటే మేడలు. రున్‌లో రేకుల ఇళ్ల చిన్న పల్లె, రేవులో నాలుగు పడవలు, అరుగుల మీద ఆరబోసిన జాజికాయ, జాపత్రి. చెట్లు మళ్లీ పెరిగాయి.

పావురాలను ఆపేదెవరు?

డచ్చివాళ్ల జాగ్రత్తలు అన్నీ ఇన్నీ కావు. గింజ ఎక్కడా మొలకెత్తకూడదని జాజికాయలను సున్నంలో ముంచి మరీ ఎగుమతి చేసేవారు. మొక్క దొంగిలిస్తే కఠిన శిక్ష. కానీ ఆ దీవుల్లో జాజిపండ్లు తినే పెద్ద పావురాలున్నాయి. జాపత్రి కోసం గింజను గుటుక్కున మింగి, పక్క దీవిలో వదిలేస్తాయి. వాటికి ఏ చట్టం తెలుస్తుంది? 1857లో ఇక్కడికి వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ కూడా ఈ పావురాల గురించి రాశాడు.

పావురాల తర్వాత మనుషులు. పియర్ పువావ్ర్ అనే ఫ్రెంచి అధికారి 1770 ప్రాంతంలో మొక్కలను గుట్టుచప్పుడు కాకుండా మారిషస్‌కు తెప్పించాడు. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇంగ్లిషువాళ్లు బండాను కొన్నాళ్లు ఆక్రమించి, మొక్కలను పెనాంగ్‌కు, సింహళానికి తరలించారు. ఆ తర్వాత జాజి కరీబియన్ దాకా పోయింది. గ్రెనడా దేశం జెండా మీద జాజికాయ బొమ్మే ఉంటుంది. కేరళ తోటల్లోకీ వచ్చింది. గుత్తాధిపత్యం కూలింది. కాయ చవకైంది. బండాను లోకం మరిచిపోయింది.

బందరుకూ అదే గతి. 1687లో గోల్కొండ మొగలుల పరమైంది. డచ్చివాళ్లు తమ ముఖ్య కేంద్రాన్ని నాగపట్నానికి మార్చుకున్నారు. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెనలో బందరు పరిసరాల్లో సుమారు 30,000 మంది పోయారు. ఇవాళ బందరు కోట దగ్గర డచ్చివాళ్ల సమాధులు ఉన్నాయి. వాటి మీద చెక్కిన అక్షరాల్లాంటివే బండా నైరా చర్చిలో నేల మీద పరిచిన రాళ్లపైనా కనిపిస్తాయి.

ఇద్దరు ఖైదీలు, పదహారు పెట్టెలు

మరిచిపోయిన దీవి పాలకులకు ఒకందుకు పనికొచ్చింది. ప్రవాస శిక్షకు! 1936లో ఇండోనేసియా స్వాతంత్ర్య పోరాట నాయకులు మహమ్మద్ హత్తా, సుతన్ షహ్రీర్‌లను డచ్ ప్రభుత్వం బండా నైరాకు పంపింది. హత్తా 16 పెట్టెల పుస్తకాలతో దిగాడు. ఇద్దరూ చుట్టుపక్కల పిల్లలను పోగేసి చదువు చెప్పారు. 1942లో జపాన్ దాడికి ముందు వాళ్లను అక్కడి నుంచి తరలించారు. తర్వాత హత్తా దేశానికి తొలి ఉపాధ్యక్షుడు, షహ్రీర్ తొలి ప్రధాని. 1947లో ఢిల్లీలో నెహ్రూ పూనికతో జరిగిన ఆసియా దేశాల సదస్సుకు షహ్రీర్ వచ్చాడు. అదే ఏడాది జులైలో డచ్ దిగ్బంధం నుంచి ఆయనను తన డకోటా విమానంలో తప్పించి తెచ్చింది ఎవరనుకున్నారు? మన పొరుగు ఒడిశాకు తర్వాత ముఖ్యమంత్రి అయిన బిజూ పట్నాయక్!

బండాలో రెండు దీవులకు ఇప్పుడు ఈ ఖైదీల పేర్లే. హత్తా ఉన్న ఇల్లు మ్యూజియం. ఆ ఇద్దరి దగ్గర చదువుకున్న పిల్లల్లో ఒకరు డెస్ అల్వి. 2010లో చనిపోయేదాకా బండా కోటలను, పాత ఇళ్లను నిలబెట్టడానికి పాటుపడ్డారు. నైరాలో బెల్జికా కోట ఇప్పుడు చక్కగా ఉందంటే అలాంటివాళ్ల చలవే. 1611లో మొదలుపెట్టిన ఈ కోట ఐదు మూలలతో ఉంటుంది. బురుజెక్కితే ఎదురుగా నిప్పుకొండ, కింద రేవు, అవతల పెద్ద బండా తోటలు. పండగ రోజుల్లో ఊరూరి వాళ్లూ 'కోరా కోరా' అనే పొడవాటి పడవలతో పోటీ పడతారు. 'చకలెలె' అనే కత్తుల నాట్యం ఆడతారు. అందులో 1621 నాటి పెద్దల జ్ఞాపకం ఉంది.

వెళ్లాలంటే...

హైదరాబాద్ నుంచి సింగపూర్ లేదా కౌలాలంపూర్ మీదుగా జకార్తా. అక్కడి నుంచి దేశీయ విమానంలో మూడున్నర గంటల పైన ప్రయాణిస్తే మలుకు రాజధాని అంబన్. మన గడియారం కన్నా అక్కడ మూడున్నర గంటలు ముందు. భారతీయులకు 30 రోజుల వీసా దిగాక ఇస్తారు. బయల్దేరే ముందు ఒకసారి నిబంధనలు చూసుకోవడం మేలు.

అసలు పరీక్ష అంబన్ నుంచే మొదలు. ప్రభుత్వ సంస్థ పెల్ని నడిపే పెద్ద ఓడలో దాదాపు ఒక రాత్రి ప్రయాణం. అది రోజూ ఉండదు. సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లో స్పీడ్ బోటు అయితే ఆరు గంటలు. కొద్దిమందే పట్టే చిన్న విమానం కూడా ఉంటుంది గానీ, వాతావరణం బాగోకపోతే కదలదు. అందుకే తిరుగు ప్రయాణానికి రెండు మూడు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. మార్చి చివరి నుంచి మే వరకు, మళ్లీ అక్టోబరు, నవంబరు అనువైన నెలలు. నైరా నుంచి రున్‌కు చెక్క మోటారు పడవలో సుమారు రెండు గంటలు. అల లేస్తే తడవడం ఖాయం!

నైరాలో చిన్న చిన్న లాడ్జీలు, ఇళ్లలోనే అద్దె గదులు ఉన్నాయి. నక్షత్రాల హోటళ్లు లేవు. చేప, అన్నం, కొబ్బరి దండిగా దొరుకుతాయి. శాకాహారులు కెనారి పప్పు వేసిన వంకాయ కూర అడగొచ్చు. నగదు దగ్గర ఉంచుకోవాలి. మసీదులున్న ఊళ్లు కాబట్టి దుస్తుల విషయంలో కాస్త మర్యాద పాటించాలి.

వచ్చేటప్పుడు ఏం తేవాలో చెప్పక్కర్లేదు... రున్‌లో ఆరబోసిన జాజికాయ ఓ అరకిలో. మరి వెళ్లేటప్పుడు? బందరు పక్కనే పెడన ఉంది. అక్కడ చెక్క అచ్చులతో ఇప్పటికీ కలంకారీ బట్ట అద్దుతున్నారు. మచిలీపట్నం కలంకారీకి 2008లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సూర్యాపేట నుంచి ఒకే రోడ్డు, మలుపు కూడా తిరగక్కర్లేదు. ఓ ఎర్రటి దుప్పటి కొని పెట్టెలో పెట్టుకోండి. బండాలో మీకు పడవ నడిపినవాళ్లకో, అన్నం పెట్టిన అమ్మకో ఇచ్చి రండి. ఈసారి మధ్యలో ఎవరి కోఠీ లేదు, లెక్క రాసుకునేవాడూ లేడు. ధర మాట్లాడుకోకుండా ఇవ్వొచ్చు.